ఏడు చోట్ల తీయమన్న మనిషి

“ఆ రోజు కాయలు కుప్పలోంచే తీశావా అక్కా?”

“కుప్పలోంచే.”

“ఏడు చోట్లా?”

“ఏడు చోట్లా.”

“సరే అక్కా. బస్సు టైమైంది, వస్తా.”

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. ఆమె రెండే ప్రశ్నలు అడిగింది. నేను రెండింటికీ అబద్ధమే చెప్పాను. మజ్జిగ తాగిన గ్లాసును పంపు దగ్గర కడిగి, నీళ్లు విదిలించి, అరుగు మీద బోర్లించి వెళ్లిపోయింది.

మూడేళ్లయింది. ఆమె మళ్లీ రాలేదు, నేను పిలవలేదు. ఈ ఏడు మిరప కోతలు అయిపోయాయి. కూలీలు పట్టాలు మడుచుకుని వాళ్ల ఊళ్లకు పోయారు. ఆ మర్నాడు పొద్దున లేచి సాయంత్రం దాకా ఎవరితోనూ ఒక్క మాట ఆడలేదని నాకు దీపం పెట్టేటప్పుడు గుర్తొచ్చింది. మా అన్న కూతురు సరోజ రెండు రోజులు ఉండిపోదామని వస్తే, ఆమె నంబరు నొక్కమన్నాను. ఎత్తింది ఆమె కాదు, ఆమె చెల్లెలు.

“అక్క పోయి నెల దాటిందండీ. గుండె ఆగిపోయింది. మీరెవరండీ?”

చెప్పాను. దర్శి దగ్గర పల్లె, మిరపకాయల కల్లం, నా పేరు.

“మీ పేరు రాసిన కవరు ఒకటి ఫ్రిజ్‌లో ఉందండీ. ఎండుమిరపకాయలు. మూడేళ్లుగా అక్కడే ఉన్నాయి. నేను అక్క దగ్గరికి వచ్చి ఉంటున్నాక కూడా నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. అప్పుడప్పుడూ రెండు కాయలు తీసి నూరి, తన పరీక్ష మిషన్లో పెట్టుకుని కూర్చునేది. అక్క పనిచేసిన కాలేజీ సారు సోమవారం వచ్చి అక్క పుస్తకాలు, సామాను పట్టుకెళ్తానన్నారు. ఇల్లు కూడా ఖాళీ చేస్తున్నాం. ఇవి పారేయమంటారా?”

“పారెయ్యొద్దమ్మా. వాటితోపాటు ఒక కాగితం వస్తుంది. రెండూ కలిపి సారు చేతికివ్వు.”

ఆ కాగితమే ఇది. నేను చెబుతున్నాను, సరోజ రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, అంకెలు పోల్చుకోవడం, బస్సు మీద మా ఊరి పేరు గుర్తుపట్టడం వరకే వచ్చు. “రెండు ముక్కలు చాలు కదత్తా, కాయలు మార్చానని రాసేస్తా,” అంది సరోజ. చాలదు. రెండు ముక్కలైతే సారుకి నా తప్పు తెలుస్తుంది. తప్పు ఎవరి మీద పడిందో ఆ మనిషి ఎలాంటిదో తెలియదు. ఆ మనిషితో కలిసి పనిచేసినవాళ్లకే తెలియదేమో అని నా అనుమానం. తెలిస్తే ఆమె రాసినవన్నీ అలా పక్కన పడేసేవాళ్లు కాదు.

మా ఊళ్లో ఆమెను మిషనమ్మ అనేవాళ్లు. అసలు పేరు నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయించను. పేరు పెట్టి పిలిచేంత చనువు నేను మిగల్చుకోలేదు. యాభై దాటి ఉంటుంది. పొడుగు మనిషి, సన్నం. మణికట్టుకు మగవాళ్ల గడియారం, వాళ్ల నాన్నదట. గుంటూరులో ఒక కాలేజీ ల్యాబులో పని. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల కల్లాలకు బస్సులో వచ్చి, మిరపకాయల్లో బూజు విషం ఉందో లేదో చూసేది. కంటికి కనపడదట ఆ విషం. వేయిస్తే పోదట, ఎండబెడితే పోదట, తిన్నవాళ్ల కార్జాన్ని తినేస్తుందట.

మొదటిసారి తెల్లకోటు వేసుకుని వచ్చింది. కూలీలు డాక్టరనుకుని చేతుల మీద పగుళ్లు చూపించారు. “నేను మనుషుల డాక్టర్ని కాదమ్మా, కాయల డాక్టర్ని,” అంది. అని మళ్లీ ఊరుకోలేదు, సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి అందరి వేళ్లకూ రాసింది. సాయంత్రానికి ఆ కోటు ఎర్రమట్టిలో దొర్లినట్టు అయింది. మరుసటిసారి మా కూలీల్లాగే చీర మీద మగ చొక్కా తొడుక్కుని వచ్చింది. అప్పటినుంచి ఆమెను మా మనిషి అనుకున్నారు అందరూ.

గేటు దగ్గర మూడు తుమ్ములు తుమ్మేది. మూడోది వచ్చేదాకా లోపల అడుగు పెట్టేది కాదు. అదొక పద్ధతి. మా కూలీలు లెక్కపెట్టేవాళ్లు.

“రెండే అయినయ్ మేడమ్, ఇంకోటుంది!”

“ఉండవే తల్లీ, వస్తోంది.”

ఇన్ని కల్లాలు తిరిగే మనిషికి కారం పడదు. పెరుగన్నం డబ్బా తెచ్చుకునేది, అందులో ఉప్పు తప్ప ఇంకేమీ ఉండదు. ఒకసారి నేను ఎగతాళి చేశాను.

“కారం ముట్టనిదానివి, కారానికి నువ్వు పరీక్ష పెడతావా?”

“నేను తింటే నా నాలుక చెబుద్ది అక్కా. నా నాలుక మాట ఎవడు వింటాడు? అందుకే ఈ మిషను.”

ఆ మిషను షుగరు చూసుకునే మిషనుకి పెద్దక్కలా ఉండేది. కాసిని కాయలు చిన్న మిక్సీలో పొడి చేసి, ఏదో స్పిరిట్టు కలిపిన నీళ్లలో గిలక్కొట్టి, వడగట్టి, ఆ చుక్కను సన్నటి స్ట్రిప్పు మీద వేసేది. స్ట్రిప్పును మిషను నోట్లో పెట్టి, గడియారం చూడకుండా అంకెలు లెక్కపెట్టుకునేది. పెదాలు కదిలేవి, శబ్దం రాదు. ఆ కాసేపు పక్కన బాంబు పేలినా పలకదు.

ఎలా తెలుస్తుంది దానికి అని అడిగాను. చదువురాని దానికి చెప్పాలి కదా, ఆమె విసుక్కోలేదు. స్ట్రిప్పు కొసన నల్లటి చుక్క ఉంది చూడు, దాని మీద కంటికి కనపడని కొక్కేలు పూసి ఉంటాయి, ఆ కొక్కేలకు బూజు విషం ఒక్కటే తగులుకుంటుంది, ఇంకేదీ తగులుకోదు, అంది. విషం వచ్చి కూర్చుంటే దారి మూసుకుపోయి కరెంటు తగ్గుతుంది. ఎంత తగ్గిందో మిషను చూసి చెబుతుంది. “గుమ్మానికి అడ్డంగా మనుషులు కూర్చుంటే లోపలికి గాలి రాదు కదక్కా, అట్లాగ.” నాకు అర్థమైంది. అర్థమయ్యేలా చెప్పినవాళ్లు నా జీవితంలో ఎంతమంది అని వేళ్లు మడిస్తే, ఒక చెయ్యే ఎక్కువ.

బాగుంది, బాగాలేదు అనే మాటలు ఆమె నోట రావు. విషం కనపడితే “వచ్చింది,” లేకపోతే “రాలేదు.” అంతే. ముందే ఏదన్నా చెప్పమంటే, “నాకు తెలియదు, స్ట్రిప్పునడుగుదాం,” అనేది. మా పాలేరు ఒకసారి, “ఈ వారం వానొస్తుందా మేడమ్?” అన్నాడు. “దానికి స్ట్రిప్పు లేదు నాయనా,” అని మొహం తిప్పకుండా చెప్పింది. ఊరంతా నెలరోజులు ఆ మాటే. అత్త కోడలిని కూర ఎలా ఉందంటే, దానికి స్ట్రిప్పు లేదత్తా అనడం.

ఇంకొకటి. ఏడు చోట్ల తీయడం. చొక్కా చేతులు పైకి మడిచి, కుప్ప పైన ఒకచోట, నాలుగు పక్కలా నాలుగు చోట్ల, నడిమి కడుపులో ఒకచోట, అడుగున నేలకు తగిలే చోట ఒకటి. మోచేతి దాకా చెయ్యి దూర్చేది. “బూజు కుప్పంతా ఉండదక్కా. ఎక్కడో ఒక మూల పడుకుని ఉంటది. పైపైన తీసుకుంటే పైపైనే తెలుస్తది.” చేతులు రాత్రంతా మండుతాయి కదా అంటే, “మండితే మండనీ, నాకు వంటా వార్పూ ఏముంది,” అనేది. నవ్వుతూనే అనేది. ఆ మాట మాత్రం నవ్వులాంటిది కాదు.

మా ఆయన షుగరుతోనే పోయాడు. కాలు పుండు పడి, మోకాలి దాకా తీసేసి, అయినా పోయాడు. శ్రీరామనవమికి కూలీలందరికీ పానకం కలుపుతున్నాను. ఆమె వచ్చి, “నీది ఎప్పుడన్నా చూపించుకున్నావా అక్కా?” అంది. లేదన్నాను. సంచిలో మామూలు షుగరు మిషను కూడా ఉండేది, ఆమెకే ఉంది షుగరు. నా వేలు పట్టుకుని గుచ్చింది. నాలుగు వందల పైన చూపించింది.

అయిపోయింది, ఆయన దారే నాదీ, కాలు తీస్తే నన్ను మరుగుదొడ్డికి తీసుకెళ్లేవాళ్లు ఎవరు అని ఏడ్చాను. పిల్లలు లేనిదాన్ని. నాకు చావు భయం లేదు, పాకడమే భయం. ఆమె నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పంపు దగ్గరకు లాక్కెళ్లి, సబ్బుతో ఒక్కొక్క వేలూ, గోటి సందుల్లో కూడా రుద్ది కడిగి, తన కొంగుతో తుడిచింది. చిన్నపిల్లకు కడిగినట్టు. ఆయన పోయాక నా చెయ్యి అంతసేపు పట్టుకున్న మనిషి లేదు. ఇంకో వేలు గుచ్చింది. సగానికి సగం దిగింది.

“షుగరుంది. మాత్రలతో పోయేంతే ఉంది. ఇందాకటిది బెల్లం,” అంది.

“అట్టయితే నీ మిషను అబద్ధం చెప్పింది!”

“లేదక్కా. నువ్వు బెల్లం పెట్టావు, అది బెల్లం ఉందని చెప్పింది. దానికి ఏది పెడితే దాని సంగతే చెబుద్ది. దానికి నువ్వెవరో తెలియదు.”

తర్వాత నాకు ఒక షుగరు మిషను తెచ్చిచ్చింది. నాకు చదవడం రాదని డబ్బా మీద బొమ్మలు గీసింది. పొద్దున చూసుకోవడానికి సూర్యుడు, అన్నం తిన్నాక చూసుకోవడానికి కంచం. గీతలు పిల్లలు గీసినట్టు ఉంటాయి. వారం వారం ఫోన్ చేసి, “సూర్యుడెంత? కంచమెంత?” అని అడిగేది. ఇంకేమీ మాట్లాడేది కాదు, నేను అంకె ఒక్కొక్కటే చదివేదాన్ని, ఆమె రాసుకునేది. అయినా ఆ ఫోన్ కోసం నేను మంగళవారం పొద్దున్నుంచీ మొహం కడుక్కుని కూర్చునేదాన్ని.

ఒకే ఒక్కసారి వాళ్లింటికి వెళ్లాను. గుంటూరులో కళ్ల డాక్టరు దగ్గర చూపించుకుని, బ్రాడీపేటలో దిగి అడుక్కుంటూ వెళ్లాను. కింద కోచింగ్ సెంటరు, పైన ఒక్క గది, వంటిల్లు. కిందినుంచి పిల్లలు లెక్కలు చెప్పుకునే గోల పైకి వస్తూనే ఉంది. వంటింట్లో ప్రతి డబ్బా మీదా కాగితం అంటించి ఉంది. ఉప్పు డబ్బా మీద కూడా. ఏం రాశావు అంటే, ఎప్పుడు తెరిచానో రాశాను అంది. “ఉప్పు చెడిపోద్దా పిచ్చిదానా?” అన్నాను. “చెడదు. అలవాటు,” అంది. ఫ్రిజ్ తలుపు తీస్తే పెరుగు గిన్నె, రెండు టమాటాలు, మిగతావన్నీ కవర్లు, సీసాలు. ఊళ్ల పేర్లు రాసినవి.

నాకు అన్నం పెట్టడానికి రెండో కంచం తీసింది. దాని అడుగున కొట్టువాడు అంటించిన కాగితం ఇంకా ఉంది. కొని ఎన్నేళ్లయింది అని అడిగాను. ఆమె గోటితో ఆ కాగితం గీకుతూ, “ఇల్లు మారినప్పుడు కొన్నా. ఏడేళ్లు,” అంది. ఇద్దరం పెరుగన్నం తిన్నాం. నా కోసం పచ్చడి తెస్తానంటే వద్దన్నాను. వచ్చేటప్పుడు ఆటో ఎక్కిస్తూ, “మళ్లీ రా అక్కా, కంచం కడిగే ఉంటది,” అంది. నేను మళ్లీ వెళ్లలేదు.

ఇప్పుడు ఆ రోజు సంగతి చెప్పాలి. సరోజా, ఇక్కడినుంచి నా మాట మార్చకుండా రాయి. నువ్వు మంచి మాటలు వెతకొద్దు.

ఆ ఏడు మా ఆడవాళ్ల సంఘం కాయలన్నీ కలిపి ఒక లారీ, పొడి చేసి బయటిదేశాలకు పంపే మిల్లుకు తోలుతున్నాం. మిల్లువాళ్లు మొదటిసారి ఆ చిన్న మిషను మాట మీద సరుకు ఎక్కించుకుంటామన్నారు. అంతకుముందు కాయలు తీసుకెళ్లి పెద్ద ల్యాబుకు పంపితే పది రోజులు పట్టేది, ఈలోగా మబ్బు పడితే కాయలు పాడు. ఈ ఒక్క లారీ సరిగ్గా పోతే ప్రతి కల్లానికీ ఒక మిషను ఇస్తారని, తనకు ఇంకేమీ అక్కర్లేదని మిషనమ్మ అంది. అంత మాట ఆమె ఎప్పుడూ అనలేదు. స్ట్రిప్పును అడక్కుండానే అనేసింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎండిన కాయ బస్తాలో తొక్కేటప్పుడు పెళుసుగా విరుగుతుందని, ముందు సాయంత్రం కుప్ప మీద నీళ్లు చల్లుతాం. కాయ మెత్తబడుతుంది, మర్నాడు తొక్కేస్తాం. వద్దు అక్కా, బూజు పుట్టేది ఆ నీళ్లతోనే అని ఆమె ఏటా చెప్పేది. సరే అనేవాళ్లం, చల్లేవాళ్లం. ఆ ఏడు నేను నీళ్లు చల్లిన మర్నాడు మబ్బు పట్టి జల్లు కొట్టింది. తొక్కేవాళ్లు రాలేదు. కుప్ప మీద పట్టా కప్పి మూడు రోజులు ఉంచాను.

నాలుగో రోజు ఎండ కాసింది. పట్టా తీసి కుప్ప కడుపులో చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ముక్కిన వాసన. చెయ్యి తీసి చీరకు తుడుచుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె వచ్చింది. మూడు తుమ్ములు, చొక్కా చేతులు మడవడం. కుప్ప దగ్గరకు వస్తుంటే అడ్డం నిలబడ్డాను. మొదటి బస్తా కుట్టేదాకా కుప్పలో పరాయి చెయ్యి పడకూడదని మా అత్తగారి కాలం నుంచి మా ఇంట్లో ఆచారం. నిజంగానే ఉంది ఆ ఆచారం, నేను పుట్టించింది కాదు. మిగతా ఏళ్లు ఆమె మొదటి బస్తా కుట్టాక వచ్చేది కాబట్టి ఆ గొడవే రాలేదు.

“పరాయి చెయ్యి పడకూడదమ్మా. నేను తెచ్చిస్తా.”

ఆమె ఆగింది. చేతులు మళ్లీ కిందికి దించుకుంది. పరాయి అన్న మాట గుచ్చుకుందని అప్పుడే చూశాను.

“అట్లాగే అక్కా. ఆచారం కదా. ఏడు చోట్ల తియ్యి, అడుగున కూడా.”

చేట పట్టుకుని కుప్ప వెనక్కి వెళ్లాను. అటునుంచి అటే వసారాలోకి వెళ్లాను. అందరూ పాకెట్ల విత్తనం కొన్నా, నేను నాలుగు సాళ్ల నాటుకాయ నా చేత్తో ఏరి, విత్తనానికని నులక మంచం మీద గోతం పరిచి నీడన ఆరబెట్టుకుంటాను. ఆ కాయలకు ఎప్పుడూ నీటి చుక్క తగలదు. రక్తంలా ఉంటాయి. వాటిలోంచి ఏడు పిడికిళ్లు తీశాను. ఏడూ లెక్కపెట్టాను.

పెళ్లిచూపులకు పిల్లకు మంచి చీర కట్టమా, మిర్చి యార్డులో దళారి దోసిలి పడితే పైన మంచికాయ పొయ్యమా, అట్లాగే ఇదీ అని మూడేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. మంచివి చూపించాలని తియ్యలేదు. చెడ్డవి దొరుకుతాయని తీశాను.

“ఇంత ఎర్రగా ఉన్నాయేంటక్కా?”

“నా చేతి కాయలు అంతే.”

ఆమె పొడి చేసింది, గిలక్కొట్టింది, చుక్క వేసింది. పెదాలు కదిలాయి. మిషను అంకె చూపించింది.

“రాలేదు,” అంది. అని, నవ్వింది. ముందు పన్ను ఒకటి కొంచెం వంకర అని నాకు అప్పుడే తెలిసింది, అన్నేళ్లలో అంత నవ్వు ఎప్పుడూ నవ్వలేదు.

లారీ వెళ్లింది. మిల్లువాళ్లు వాళ్ల తృప్తి కోసం పెద్ద ల్యాబులోనూ చూపించారు. నా బస్తాల్లో బూజు విషం ఉందని, అన్నీ కలిసి ఉన్నాయని లారీ మొత్తం వెనక్కి పంపారు. పదకొండు మంది ఆడవాళ్ల ఏడాది కష్టం వాకిట్లో దిగింది. సంఘం లీడరు అందరినీ కూర్చోబెట్టి, “ఎవరి కాయలో, ఎట్టా జరిగిందో చెప్పండే,” అంది. నా గొంతు ఎప్పుడూ పెద్దదే. నేనే ముందు లేచాను.

“కాయలకేం రోగం? ఆ మిషనే అబద్ధాలది. గుంటూరునుంచి ఆటబొమ్మ పట్టుకొచ్చి మన కొంప ముంచింది. పెళ్లీ పెటాకులూ లేనిదానికి మన కడుపుమంట ఏం తెలుస్తది?”

ఆ చివరి మాట కూడా అన్నాను. రాయి సరోజా, ఆపకు. అందరూ అవునన్నారు. ఎవరూ నన్ను అనుమానించలేదు. నేను మొగుడు పోయి ఒంటిచేత్తో సేద్యం చేస్తున్న ఆడదాన్ని, నా మాటకు ఊళ్లో విలువ ఉంది.

తర్వాత వారం ఆమె వచ్చింది. మిషను సంచి లేదు. ఆ రోజు నేనిచ్చిన కాయల్లో మిగిలినవి ఒక్క కవరు చేతిలో ఉంది. నేను మజ్జిగ ఇచ్చాను. ఆమె వసారాలో ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఎదురుగా నులక మంచం, దాని మీద విత్తనం కాయలు. ఆమె చూపు వాటి మీద ఆగింది. కవరులోకి చూసుకుంది. మళ్లీ మంచం వైపు చూసింది. కాయల డాక్టరు కదా. తొడిమ పొట్టిది, మొన మొద్దుది, ఈ చుట్టుపక్కల ఆ కాయ నా దగ్గర తప్ప లేదు.

అంతా చూశాకే నన్ను అడిగింది. తెలుసుకోవడానికి అడగలేదు. నేను చెబితే వినడానికి అడిగింది. నేనేం చెప్పానో మొదట్లోనే రాయించాను.

మొన్న ఫోన్‌లో వాళ్ల చెల్లెల్ని బతిమాలాను. ఆమె పుస్తకాల్లో మా ఊరి పేరున్న పేజీ తీసి చదవమన్నాను. తీసింది.

“‘శాంపిలు నా చేత్తో తీయలేదు. తప్పు నాది’ అని ఉందండీ. అంతే ఉంది. అందుకే ఆ తర్వాత కాలేజీలో ఆవిణ్ని ఊళ్లకు పంపలేదు. పద్ధతి ప్రకారం చెయ్యని మనిషి అని, అంతకుముందు ఊళ్లల్లో రాసుకొచ్చినవన్నీ కూడా పక్కన పెట్టేశారు. సీసాలు కడిగే పనిలో వేశారు. ఇప్పుడు సారు ఆ మిషను మళ్లీ మొదలుపెడదామా అని చూస్తున్నారట. పుస్తకాలు పనికొస్తాయో రావో చూసి, లేకపోతే చిత్తుకాగితాల్లో వేస్తామన్నారు.”

పుస్తకంలో నా పేరు రాయలేదు. మంచం మీద కాయల సంగతి రాయలేదు. ఒక్క గీత గీస్తే ఆమె బతికిపోయేది, ఊళ్లో నేను చచ్చేదాన్ని. మరి ఫ్రిజ్‌లో ఆ కాయలు మూడేళ్లు ఎందుకు దాచింది? ఎందుకు మళ్లీ మళ్లీ నూరింది? అక్క తన తప్పు వెతుక్కుంటోందని వాళ్ల చెల్లెలు అనుకుంది. నేననుకోవడం, నా మాట నిజం కావడానికి దారి వెతికింది. నాటుకాయ కుప్పలో కలిసిందేమో, స్ట్రిప్పుకి ఎండ తగిలిందేమో, అంకెల లెక్క తప్పిందేమో, ఏదో ఒకటి దొరికితే అక్క అబద్ధం చెప్పలేదు అనుకోవచ్చని. వెతికే కొద్దీ మిషను సరిగ్గానే చెప్పి ఉంటుంది. నేను అనుకునేది తప్పు కావచ్చు. అడగడానికి మనిషి లేదు.

సారూ, నేను చెప్పేది ఇది. ఆ కవరులో కాయలు నా విత్తనం కాయలు, కుప్పలోవి కావు. నేనే ఇచ్చాను, తెలిసే ఇచ్చాను. ఆచారం అడ్డం పెట్టి ఆమె చెయ్యి ఆపింది నేను. ఆమె మిషను తప్పు చెప్పలేదు, ఆమె తప్పు చెయ్యలేదు. మిగతా ఊళ్లల్లో ఆమె మోచేతి దాకా చేతులు కాల్చుకుని రాసినవన్నీ నిజాలు. అనుమానముంటే నా దగ్గర ఆ నాటుకాయ ఇప్పటికీ ఉంది, వచ్చి పక్కన పెట్టి చూసుకోండి. పుస్తకాలు పారెయ్యొద్దు.

ఇక్కడ సరోజ కలం ఆపేసింది.

“అత్తా, సారు ఊరుకోడు. మిల్లువాళ్లకు చెబుతాడు. వాళ్లనుంచి సంఘానికి వస్తుంది. పదకొండు మంది సరుకు నీ వల్లే వెనక్కి వచ్చిందని తెలిస్తే నిన్ను గుమ్మం తొక్కనిస్తారా? ఈ ఊళ్లో నీకు వాళ్లు తప్ప ఎవరున్నారు?”

“ఎవరూ లేరు.”

“మరి?”

“మరి ఏముంది, రాయి. నీ మాట కూడా రాయి.”

రాసింది. సంతకం పెట్టడానికి కాగితం ఇటు తోసింది. ఉండు, ముందు నేను వినాలి. నేను చెప్పింది చెప్పినట్టు ఉందో, నా మీద జాలితో ఎక్కడన్నా నాలుగు మాటలు మింగావో నాకెలా తెలుస్తుంది? మొదటినుంచి చదువు. ఇక్కడ లోపల కాదు, అరుగు మీదకు రా. పాలకేంద్రం నుంచి సంఘం ఆడవాళ్లు వచ్చే వేళయింది, ఆ మూల మీద మాటలు వినపడుతున్నాయి. ఊరివాళ్లు కాలేజీ సారు నోట వినకూడదు. తొందరపడకు, వాళ్లను ఇంటి ముందుకు రానీ. ఊ, ఇప్పుడు చదువు. గట్టిగా చదువే, అమ్మాయ్.